శ్రీకాకుళంలో కూర్చుని భాష నేర్పే యాప్ కంపెనీ నడుస్తుందా? లెక్క తేల్చండి

ఉద్దానం_కొబ్బరి
ప్లాను ఇది. శ్రీకాకుళంలో ఆఫీసు, నలుగురు మనుషులు, చేతిలో 14 లక్షలు. తెలుగు వచ్చినవాళ్ళకి ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ, ఆపైన జర్మన్. ఆండ్రాయిడ్ ఒక్కటే. నెలకి 99 రూపాయలు, మొదటి వారం ఉచితం. ఏడాదిలో లక్ష డౌన్‌లోడ్లు, అందులో 5 శాతం మంది డబ్బు కడతారని అంచనా. అమెరికా భాష యాప్ డ్యుయోలింగోకి కుదిరింది మనకెందుకు కుదరదు అన్నది వాదన. ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి. "సూపర్ ఐడియా బ్రదర్" అనేవాళ్ళు వేరే చర్చ చూసుకోండి.

పలాస_జీడిపప్పు
లచ్చ డౌన్‌లోడ్లా! జిల్లాలో ఫోన్లన్నీ మనయే అనుకున్నావేటి బావూ.

లెక్కల_పంతులు
99 దగ్గరే మొదలెడదాం. 18 శాతం జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటే అసలు ధర 83.90. చందాల మీద ప్లే స్టోర్ కోత 15 శాతం, అంటే 12.58. చేతికొచ్చేది 71 రూపాయల 32 పైసలు. టర్నోవరు 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ గొడవ లేదులే అనుకోవచ్చు. కానీ దాటిన రోజున ధర పెంచలేవు కాబట్టి మొదటిరోజు నుంచే 71తో లెక్క వేసుకో.

ఇప్పుడు ఆయుష్షు. నెలకి ఐదుగురిలో ఒకరు మానేస్తున్నారంటే చందాదారుడి సగటు ఆయుష్షు 5 నెలలు. అంటే ఒక్కొక్కరి నుంచి మొత్తం 356 రూపాయలు. ప్రకటనల ద్వారా డౌన్‌లోడుకి 10 రూపాయలు పడిందనుకుందాం. నూటికి ఐదుగురు కడితే ఒక్కో చందాదారుడి ఖరీదు 200, మిగులు 156. నూటికి ఇద్దరే కడితే ఖరీదు 500, తెచ్చిన ప్రతివాడి మీద 144 నష్టం. నీ కంపెనీ బతుకంతా ఈ ఐదుకీ రెండుకీ మధ్య వేలాడుతోంది. ఆ 5 ఎక్కడనుంచి తెచ్చావు?

ఉద్దానం_కొబ్బరి
డ్యుయోలింగోకి 8 శాతం ఉందని చదివి, సగం కంటే కాస్త ఎక్కువ వేశాను.

గంటస్తంభం_సెంటర్
ఆ 8 నిజమే గాని దాని వెనకాల ఉన్నది చూడాలి. 2024 చివరి మూడు నెలల్లో వాళ్ళకి నెలవారీ వాడుకదార్లు 11.6 కోట్ల పైచిలుకు, డబ్బు కట్టేవాళ్ళు 95 లక్షలు. ఆ ఏడాది ఆదాయం 74.8 కోట్ల డాలర్లు, అందులో 80 శాతం దాకా చందాలే. మిగతాది ప్రకటనలు, వాళ్ళ ఇంగ్లీషు పరీక్ష ఫీజులు, యాప్‌లో చిల్లర కొనుగోళ్ళు. ఆదాయంలో పెద్ద ముక్క అమెరికాది.

తేదీలు కూడా చూడు. యాప్ జనంలోకి వచ్చింది 2012లో. చందా పెట్టింది 2017లో. షేర్ మార్కెట్‌కి వెళ్ళింది 2021 జులైలో, షేరు 102 డాలర్లకి. పూర్తి ఏడాదికి లాభం కనబడింది 2023లో. పదకొండేళ్ళు పెట్టుబడిదార్ల డబ్బు మీద నడిచిన బండి అది. నీ 14 లక్షలకి ఎన్ని నెలలు?

లెక్కల_పంతులు
నలుగురికి తలా 25 వేలు, అద్దె, కరెంటు, సర్వరు కలిపి నెలకి లక్షా పాతిక వేలు. 11 నెలలు. పన్నెండో నెలలో అందరూ అరసవల్లి వెళ్ళి మొక్కుకోవడమే.

నాగావళి_ఒడ్డు
ఈ లెక్కలన్నీ దేనికి? ఈ వ్యాపారమే అయిపోయింది. 2025 ఆగస్టులో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోనే భాష సాధన చేసుకునే సదుపాయం పెట్టారు, ఉచితంగా. చాట్‌బాట్‌తో గంటల తరబడి ఇంగ్లీషులో మాట్లాడొచ్చు. డ్యుయోలింగో షేరు 2025 మేలో 500 డాలర్లు దాటింది, నవంబరులో ఒక్కరోజే నాలుగో వంతు ఊడింది. ఏఐ వచ్చాక భాష యాప్ అంటే ఎస్టీడీ బూత్ లాంటిది.

గంటస్తంభం_సెంటర్
నాగావళి గారూ, నవంబరు పతనాన్ని ఏఐ ఖాతాలో వెయ్యకండి. ఆ త్రైమాసికంలో రోజువారీ వాడుకదార్లు 5 కోట్లు దాటారు, ఆదాయం పెరిగింది. ఇకమీదట వెంటనే డబ్బు పిండడం కంటే జనాన్ని పెంచడానికే ముందు చోటు ఇస్తామని కంపెనీయే చెప్పింది, దాంతో మదుపర్లు షేర్లు వదిలించుకున్నారు. గూగుల్ ప్రకటన రోజు పడిన మాట వేరే. రెండూ కలిపేస్తే కారణం తప్పుతుంది.

ఈ వ్యాపారంలో పెద్దవాళ్ళు తడబడటం ఏఐ కంటే ముందునుంచీ ఉంది. సీడీల కాలంలో వెలిగిన రొసెట్టా స్టోన్ 2009లో షేర్ మార్కెట్‌కి వెళ్ళి, 2020లో కేంబియం కంపెనీ చేతికి, మరుసటేడు ఐఎక్స్ఎల్ కంపెనీ చేతికి మారింది. బెర్లిన్ భాష యాప్ బాబెల్ 2021లో షేర్ల ఇష్యూ ప్రకటించి వెనక్కి తీసుకుంది. బుసూ అనే ఇంకో భాష యాప్‌ని చెగ్ అనే చదువుల కంపెనీ కొనేసింది.

నాగావళి_ఒడ్డు
సరే, కారణం మీరన్నదే అనుకుందాం. ఉచితంగా దొరికేదానికి శ్రీకాకుళం పిల్లాడు 99 ఎందుకు కడతాడన్న ప్రశ్న అలాగే ఉంది.

బొబ్బిలి_వీణ
ఉచితంగా దొరికేది తెలుగువాడి తప్పుని పట్టుకోదు. జవాబు అక్కడుంది. పెద్ద కంపెనీలు ఒక కోర్సు రాసి, దాన్నే పాతిక భాషల్లోంచి నేర్పుతాయి. తెలుగు నుంచి ఇంగ్లీషూ అలా వచ్చిందే. అందులో దొరకనివి చెప్తాను.

వాక్యం. మనకి "వస్తాను" ఒక్కటే మాట. రోజూ వస్తాను, రేపు వస్తాను. ఇంగ్లీషులో అవి రెండు రూపాలు. ఈ ఒక్కదానికే కనీసం 40 వాక్యాల అభ్యాసం కావాలి, హిందీవాళ్ళకి ఇంత అక్కర్లేదు. "నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు" అన్నది నేరుగా మార్చితే "టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్" అవుతుంది, దిద్దబోతే "ఐ యామ్ హావింగ్" అవుతుంది. మనం, మేము రెండూ "వీ"లో కలిసిపోతాయి, అది సులువే. ఇంగ్లీషువాడికి తెలుగు నేర్పేటప్పుడు అదే కొండ.

పలుకు. "ఎగ్"కి ముందు య చేరి యెగ్గు, "స్కూల్"కి ముందు ఇ చేరి ఇస్కూలు, "బస్"కి వెనక ఉ చేరి బస్సు. "కాఫీ"లో ఫ కాస్తా ప. "జూ"లో ఉండే జెడ్ ధ్వని మామూలు జ. ఈ ఐదు తప్పుల్నీ వేరువేరుగా పట్టుకుని వేరువేరుగా చెప్పే యాప్ అయితే డబ్బు కడతారు. "మళ్ళీ ప్రయత్నించండి" అని మాత్రమే చెప్పే యాప్‌కి కట్టరు.

పలాస_జీడిపప్పు
మరి "ఏటి", "ఎలిపోనాడు", "తెచ్చీసినాను" అని తెలుగులో టైపు చేస్తే? గ్రాంథికంలో రాయమంటాదేటి? గిడుగు వారి ఊరండీ ఇది.

బొబ్బిలి_వీణ
నవ్వులాటకి అన్నా అది అసలు సమస్యే. అనువాదం అడిగే చోట "వెళ్ళిపోయాడు" ఒక్కటే సరైన జవాబుగా పెడితే "ఎలిపోనాడు"కి ఎర్ర గీత పడుతుంది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చినవాడి తెలుగు తప్పని చెప్పినట్టవుతుంది. ప్రతి తెలుగు జవాబుకీ మూడు నాలుగు రూపాలు ముందే జాబితాలో వెయ్యాలి. లేదా తెలుగు టైపింగే అడక్కూడదు. ఇచ్చిన ఇంగ్లీషు మాటల్ని వరసలో పెట్టమనడం మేలు. మనకి క్రియ చివర వస్తుంది కాబట్టి ఆ అభ్యాసమే ఎక్కువ పని చేస్తుంది.

కోటబొమ్మాళి_కోడర్
పలుకు పట్టుకోవడం గురించి వీణ గారు చెప్పింది చేయాలంటే మామూలుగా మాటని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ పనికిరాదు. అవి వాక్యం అర్థాన్ని బట్టి ఊహిస్తాయి. పిల్లాడు "హీ గో" అంటే అది "హీ గోస్" అని రాసిపెట్టి ఫుల్ మార్కులు వేస్తుంది. తెలివెక్కువై గురువు తప్పు దిద్దేసి చూపిస్తున్నాడు. చదవమని ఇచ్చిన వాక్యం మనకి ముందే తెలుసు కాబట్టి, రికార్డుని ఆ వాక్యంలోని ధ్వనులకి ఒక్కొక్కటిగా జతపరిచి, ఏ ధ్వని దగ్గర పోలిక తగ్గిందో చూడాలి. ఇది ఫోన్లోనే నడిచే చిన్న మోడల్‌తో అవుతుంది, సర్వరు ఖర్చు లేదు. హద్దు పెట్టేటప్పుడు ఉదారంగా ఉండాలి. మొదటి నెలలో తప్పుని ఒప్పన్నా మనిషి ఉంటాడు, ఒప్పుని తప్పంటే ఆరోజే యాప్ తీసేస్తాడు.

స్వేచ్ఛగా మాట్లాడించే ఏఐ సంభాషణ దగ్గర జేబు చిరుగుతుంది. నిమిషానికి అర్ధ రూపాయి అనుకున్నా, రోజుకి 10 నిమిషాలు మాట్లాడేవాడు నెలకి 150 రూపాయలు తింటాడు. వాడి దగ్గర వచ్చేది 71. ఎంత బుద్ధిగా చదువుకుంటే అంత నష్టం! పైగా తెలుగు అక్షరం కంప్యూటరులో మూడు బైట్లు. చాలా మోడళ్ళు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలు చేసి, ముక్కకింత అని వసూలు చేస్తాయి. కాబట్టి వివరణలు ఏఐ చేత తెలుగులో అప్పటికప్పుడు రాయించొద్దు. ఒకసారి రాయించి, మనిషి చేత దిద్దించి, దాచిపెట్టుకుని వాడాలి. స్వేచ్ఛా సంభాషణ రోజుకి 2 నిమిషాలు, అది కూడా ఏడాది చందాదార్లకే.

తోటపల్లి_కాలువ
యాప్ సైజు మర్చిపోయారు. ఈ ప్రాంతంలో ఫోటోలు, రీళ్ళతో నిండిపోయిన ఫోన్లే ఎక్కువ. స్టోరేజి నిండగానే మొదట తీసేసేది చదువు యాప్‌నే, రీళ్ళది కాదు.

కోటబొమ్మాళి_కోడర్
అవును. లెక్క వేస్తే: 2000 వాక్యాలు, ఒక్కోటి 3 సెకన్లు. కుదించకుండా 16 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్ళు పెడితే ఒక్కోటి 96 కేబీ, మొత్తం 192 ఎంబీ. ఓపస్‌లో (ఆడియోని కుదించే పద్ధతి) 24 కేబీపీఎస్ దగ్గర పెడితే ఒక్కోటి 9 కేబీ, మొత్తం 18 ఎంబీ. చెవికి తేడా తెలియదు. పాఠాల్ని మూటలుగా విడగొట్టి, వైఫై దొరికినప్పుడు తర్వాతి మూట దింపుకునేలా చెయ్యాలి. మార్కులు ఫోన్లోనే దాచి, సిగ్నల్ వచ్చినప్పుడు పంపాలి. లేకపోతే సీతంపేట కొండల్లో యాప్ తెరిస్తే గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంటుంది.

సీతంపేట_దారి
సీతంపేట అన్నారు కాబట్టి. ఇక్కడి గిరిజనుల సవర భాషకి కోర్సు పెడితే ఎలా ఉంటుంది? ఆ పని ఎవరూ చేయడం లేదు, పోటీ సున్నా. ఇక్కడ టీచర్లకి, ఆస్పత్రి సిబ్బందికి, బ్యాంకు వాళ్ళకి నిజంగా అవసరం.

లెక్కల_పంతులు
పోటీ సున్నా అయితే కొనేవాళ్ళ సంఖ్య కూడా చూసుకోవాలి.

సీతంపేట_దారి
చందాలతో నడవదని తెలుసు. దాన్ని ఒక్కసారి డబ్బిచ్చి చేయించుకునే పనిగా చూడాలి: ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం లాంటి సంస్థలకి. ముడిసరుకు కొంత ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారి సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. కానీ ఆ పుస్తకాల్ని ఎక్కించేస్తే సరిపోదు. ఇప్పటి పలుకుబడి, అందులోనూ ఊరికీ ఊరికీ తేడా, మళ్ళీ రికార్డు చేయాలి. సవర ముండా భాషల కుటుంబం, తెలుగుతో చుట్టరికం లేదు. గొంతులో ఆపి పలికే ధ్వనులకి తెలుగు లిపిలో గుర్తు ఉండదు, ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే వాడాలి. మంగయి గొమాంగో 1936లో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012 నుంచి యూనికోడ్ ఉంది గాని, ఇటు మన వైపు బడి పుస్తకాలు తెలుగు లిపిలోనివే. రెండూ చూపిస్తే ఎవరికీ కోపం రాదు. రికార్డు ఇచ్చేవాళ్ళకి గంటకింత అని డబ్బు, గొంతు ఎక్కడెక్కడ వాడతారో రాసిన కాగితం, రెండూ ముందే.

ఉద్దానం_కొబ్బరి
సవర మంచి ఆలోచన, కానీ మొదటి ఏడాది కుదరదు. జర్మన్ సంగతి ఎవరైనా చెప్పండి. నర్సింగ్ అమ్మాయిలంతా దాని గురించే అడుగుతున్నారు.

బీ2_బాట
జర్మన్ యాప్ అని పేరు పెట్టే ముందు ఈ గుణకారం చెయ్యండి. నర్సుగా గుర్తింపు కావాలంటే అక్కడ చాలా రాష్ట్రాల్లో చివరికి బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) అడుగుతారు. సున్నా నుంచి బీ2కి, జర్మన్ నేర్పే గొయిథే సంస్థ చెప్పే లెక్క 600 నుంచి 800 పీరియడ్లు, పీరియడ్ 45 నిమిషాలు. 600 తీసుకున్నా 450 గంటలు. యాప్‌లో రోజుకి పావుగంట అంటే 1800 రోజులు, ఐదేళ్ళు. రోజూ పావుగంట చాలని ఏ యాప్ అయినా అంటే అది ఐదేళ్ళ కోర్సు అమ్ముతున్నట్టు.

అందుకని యాప్ ఒక్కటే అమ్మకూడదు. క్లాసు మనిషి చెప్తాడు, యాప్ ఇంటిపని చేయిస్తుంది: మాటలు, డేర్-డీ-డాస్ లింగాలు, విని రాయడం. పరీక్షలో మాట్లాడటం, రాయడం కూడా ఉంటాయి. ఆ రెండూ మనిషి దిద్దాల్సిందే. 20 మంది బ్యాచికి ఒక టీచరు, వారానికి తలా రెండు ఉత్తరాలు దిద్దాలంటే 40 ఉత్తరాలు, ఒక్కోటి 8 నిమిషాలు, ఐదు గంటల ఇరవై నిమిషాలు. ఆ ఐదు గంటల పైచిలుకు జీతం ఫీజులో వేశారా?

ఇంగ్లీషు దేశాలకి వెళ్ళేవాళ్ళకీ అంతే. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మూడు భాగాల్లో 7, రాతలో 6.5 అడుగుతుంది. ఆ రాతలో అర మార్కు కోసం డబ్బు కట్టేవాళ్ళు ఉన్నారు. "సరదాగా ఇంగ్లీషు" కోసం కట్టేవాళ్ళు తక్కువ.

ఇచ్ఛాపురం_అంచు
నర్సుల వెంట అందరూ పడుతున్నారు. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి నుంచి గల్ఫుకి వెళ్ళేవాళ్ళ అరబ్బీ ఎవరికీ పట్టలేదు. పెద్ద యాప్‌లలో దొరికేది పుస్తకాల అరబ్బీ. అందులో "నాకు కావాలి" అంటే "ఉరీదు", "ఇప్పుడు" అంటే "అల్ ఆన్". గల్ఫ్ సైటులో వినబడేది "అబీ", "అల్‌హీన్". పుస్తకం మాట మాట్లాడితే ఫోర్‌మన్ నవ్వుతాడు. లిపి అక్కర్లేదు, తెలుగు అక్షరాల్లో 300 వాక్యాలు, వినడం, పలకడం. మూడు వారాల కోర్సు, ఒకసారి 299. చందా గిందా లేదు.

అలాగే వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళే మత్స్యకారులకి హిందీ. వ్యాకరణం వద్దు: బోటు, వల, ఐసు, జీతం, అడ్వాన్సు, ఆస్పత్రి, పోలీసు. 200 వాక్యాలు చాలు.

బొబ్బిలి_వీణ
ఇచ్ఛాపురం గారితో సగం ఒప్పుకుంటాను. హిందీలో వ్యాకరణం పూర్తిగా వదిలేస్తే లింగం దగ్గర కూలబడతారు. కుర్చీ ఆడది, గది మగది అన్నది తెలుగువాడి బుర్రకి ఎక్కదు. మాటని ఒంటరిగా ఎప్పుడూ నేర్పకండి, "మేరీ కుర్సీ", "మేరా కమ్రా" అని జతగానే వినిపించండి. నియమం చెప్పకుండానే పని అయిపోతుంది.

రాజాం_రెంచి
299 ఒకసారి అన్నది తెలివైన మాట. నెలవారీ చందాలో ఇంకో చిల్లు ఉంది. ఆటోపే పెట్టినా, డబ్బు కోసే 24 గంటల ముందు సందేశం వెళ్ళాలని రిజర్వ్ బ్యాంకు నియమం. అది చూడగానే "ఇదేటి, దేనికి కడుతున్నాం" అని రద్దు చేస్తారు. మిగిలినవాళ్ళలో కొందరి ఖాతాలో ఆరోజు డబ్బులుండవు. ప్లే స్టోర్ బయట సొంతంగా వసూలు చేస్తే మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించాలో మనమే రాసుకోవాలి: జీతాలు పడే 1 నుంచి 7వ తేదీ మధ్య అయితే మేలు. 99 x 12 కంటే ఏడాదికి ఒకసారి 699 యూపీఐ నయం. ప్లే స్టోర్‌లో వేరే బిల్లింగ్ కూడా చూపిస్తే కోత 4 శాతం తగ్గి 11 అవుతుంది, కానీ ఆ గేట్‌వేకి మళ్ళీ 2 దాకా పోతుంది. మిగిలే 2 శాతం కోసం మొదటి ఏడాదిలో తల బద్దలు కొట్టుకోవద్దు.

గంటస్తంభం_సెంటర్
అందరూ పిల్లాడి జేబునే చూస్తున్నారు. కాలేజీకి అమ్మితే? 60 సీట్ల నర్సింగ్ కాలేజీ, తలకి 1500, ఒక్క సంతకంతో 90 వేలు. ప్లే స్టోర్ కోత సున్నా, ప్రకటన ఖర్చు సున్నా.

లెక్కల_పంతులు
సంతకం జూన్‌లో, డబ్బు ఎప్పుడు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీ ముందు ఆపేది నీ బిల్లునే. పైగా చదువు సేవలకి జీఎస్టీ మినహాయింపు కాబట్టి నువ్వు వేసే 18 శాతాన్ని కాలేజీ ఎక్కడా తిరిగి తీసుకోలేదు. వాళ్ళ దృష్టిలో నీ ధర 1500 కాదు, 1770. బేరం అక్కడనుంచి మొదలవుతుంది. సగం అడ్వాన్సు, మిగతా సగం కట్టాకే రెండో సెమిస్టరు పాఠాలు తెరుచుకునేలా యాప్‌లోనే తాళం పెట్టు. ఒప్పందంలో రాసుకున్న తాళం తెరవమని అడిగితే మొహమాటపడొద్దు.

గంటస్తంభం_సెంటర్
తాళం వేస్తే పిల్లలు ఇబ్బంది పడతారు, ప్రిన్సిపాల్ రెండో ఏడాది ముఖం చూడడు. అడ్వాన్సు 70 శాతం తీసుకుని తాళం లేకుండా వదలడం మేలు.

లెక్కల_పంతులు
70 ఇచ్చే కాలేజీని చూపిస్తే ఆ బాబుకి నేనే మొదటి చందా కడతాను.

తోటపల్లి_కాలువ
ఇంటర్ పిల్లలకి అమ్మేట్టయితే 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ చదవండి. 18 లోపువాళ్ళయితే తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిరూపించగలిగేది, ఉండాలంటుంది. పిల్లల నడవడి మీద నిఘా పెట్టడం, వాళ్ళకి గురిపెట్టిన ప్రకటనలు చూపడం కుదరవంటుంది. గొంతు రికార్డు కూడా వ్యక్తిగత సమాచారమే. మార్కు వేశాక ఫోన్లోనే చెరిపేస్తే సగం తలనొప్పి పోతుంది.

పలాస_జీడిపప్పు
అన్నీ సరే గాని బొమ్మ ఏటి? డ్యుయోలింగోకి గుడ్లగూబ ఉంది. మనకి తేలినీలాపురం వలస కొంగ పెట్టండి. మూడు రోజులు చదవకపోతే సైబీరియా ఎలిపోద్ది.

బొబ్బిలి_వీణ
అది పని చేసే ఆలోచనే. వరస తెగకుండా రోజూ రావడమన్నదే డ్యుయోలింగో అసలు సరుకు. కాకపోతే సిరిమానోత్సవం రోజు, సంక్రాంతి మూడు రోజులు వరస తెగకుండా ముందే సెలవు ఇచ్చెయ్యాలి. పండగ పూట వరస తెగినవాడు తిరిగి రాడు. మర్చిపోయే మాటల్ని మళ్ళీ ఎప్పుడు అడగాలన్నది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మాటల్ని కార్డులతో గుర్తుచేసే యాంకీ యాప్‌లో ఉన్న ఎఫ్ఎస్ఆర్ఎస్ పద్ధతి ఎవరైనా వాడుకోవచ్చు.

ఉద్దానం_కొబ్బరి
సరే, ప్లాను మార్చి రాస్తున్నా. 99 చందా తీసేశాం. మొదటి సరుకు: నర్సింగ్ పిల్లలకి ఐఈఎల్‌టీఎస్ మాట, రాత, టీచరు దిద్దుతాడు, యాప్ ఇంటిపని, ఆరు నెలలకి 2999. రెండోది: గల్ఫ్ అరబ్బీ 300 వాక్యాలు, 299. నలుగురి బదులు ఇద్దరు, దిద్దేవాళ్ళకి ఉత్తరానికింత. లక్ష డౌన్‌లోడ్లు కొట్టేసి 150 మంది అని రాసుకున్నా. జర్మన్, సవర రెండో ఏడాదికి. కోడ్ రాయడం మొదలుపెట్టేముందు ఏం చెయ్యాలి?

లెక్కల_పంతులు
150 x 2999 అంటే నాలుగున్నర లక్షలు. ఆరు నెలల పాటు ఇద్దరి జీతాలకి, దిద్దుబాటుకి అటూ ఇటూగా సరి. ఇప్పుడు కొంచెం నేల మీద ఉన్నావు.

బీ2_బాట
కోడ్ వద్దు. ముందు వాట్సాప్‌లో 15 మందితో ఆరు వారాలు నడుపు, డబ్బు తీసుకునే. రోజూ ఉదయం ఒక ఆడియో, సాయంత్రం ఒక జవాబు, ఆదివారం ఉత్తరం. ఆరో వారంలో ఎంతమంది ఇంకా జవాబు పంపుతున్నారో చూడు. తొమ్మిది మంది కంటే తగ్గితే యాప్ కట్టినా అంతే.

కోటబొమ్మాళి_కోడర్
ఈలోగా ప్లే స్టోర్ ఖాతా తెరిచి పెట్టుకో. ఫీజు 25 డాలర్లు, ఒక్కసారే. వ్యక్తి పేరు మీద కొత్తగా తెరిస్తే, బయటికి వదిలే ముందు 12 మంది చేత వరసగా 14 రోజులు పరీక్షింపజేయాలి. మధ్యలో ఒకడు బయటికెళ్ళి సంఖ్య 12 కంటే తగ్గితే ఇబ్బంది, కాబట్టి 18 మందిని పెట్టుకో. కంపెనీ పేరు మీద అయితే ఆ పరీక్ష లేదు గాని డన్స్ నంబరు (కంపెనీలకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి, దానికి రోజులు పడతాయి.

ఇచ్ఛాపురం_అంచు
అరబ్బీ వాక్యాల జాబితా నేను సరిచూస్తాను. "అబీ" పక్కన ఆడవాళ్ళతో, పెద్దవాళ్ళతో ఎలా అనాలో కూడా వెయ్యండి. యజమానితో కూలీ భాష మాట్లాడితే పని పోద్ది.

పలాస_జీడిపప్పు
18 మందిలో నన్నెయ్యండి. నాకు ఇస్కూలు, యెగ్గు రెండూ వచ్చు.